పచ్చగా మిగిలిన రెండెకరాలు

హస్బగాన్ నోటికి గడియ లేదు, పొలానికి కంచె లేదు. మొదటిది పుట్టుకతో వచ్చిన లోపం. రెండోది ఆ చలిదేశపు హోర్చిన్ ఇసుక నేలల్లో ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. కోతలన్నీ అయిపోయాక ఒక పొద్దున ఊరి పెద్ద లౌడ్‌స్పీకర్‌లో గొంతు సవరించుకుని "పొలాలు తెరిచాం" అంటాడు. ఆ ఒక్క మాటతో గట్లు గట్లుగానే ఉంటాయి గాని హద్దులు పోతాయి. మళ్ళీ విత్తనాలు వేసేదాకా ఎవరి ఆవు ఎవరి మోళ్ళలోనైనా మేయొచ్చు. "నా చేలోకి తోలకండి" అన్నవాడి ఇంటికి ఆ మర్నాటినుంచి టీ తాగడానికి కూడా ఎవరూ వెళ్ళరు.

ఆ ఏడు ఊరంతా మొక్కజొన్న వేస్తే హస్బగాన్ ఒక్కడూ మొక్క తీసేసి ఉత్త జొన్న వేశాడు. అదీ మామూలు జొన్న కాదు, తీపి జొన్న. వాన ముఖం చాటేసినా, చలి ముందే తలుపు తట్టినా తట్టుకునే రకమని పశువుల డాక్టరు ఓయున్ విత్తనాలు తెచ్చిచ్చింది. దాని కాడ చెరుకుగడలా నమలొచ్చు. కాడ పిండిన రసంతో పట్నం దారిలో ఉన్న ఫ్యాక్టరీవాళ్ళు పెట్రోల్లో కలిపే సారా కాస్తారు. ఆకూ పిప్పీ పాతరలో తొక్కి మాగబెడితే చలికాలమంతా ఆవులకు మేత.

"కారే రసం కారుకి, మిగిలే పిప్పి మా ఆవుకి!" అని హస్బగాన్ వేసవంతా ఊరు మారుమోగించాడు. పెళ్ళికి వెళ్ళినా అదే, గుర్రప్పందేలకు వెళ్ళినా అదే. ఎవరైనా మొహమాటానికి ఒక చొప్పదంటు ప్రశ్న వేస్తే చాలు, చొప్ప గురించి గంటసేపు చెప్పేవాడు. "పశువులకి మిఠాయి కొట్టు పెట్టాన్రా నేను. నా చేలో అడుగు పెట్టిన ఆవు మళ్ళీ మీ మొక్కజొన్న మొహం చూస్తే ఒట్టు!"

అందరికంటే ఎక్కువ విన్నది బావమరిది ఉల్జి. పక్కిల్లే కాబట్టి వినక తప్పేది కాదు. ఉల్జికి ఏడు ఆవులున్నాయి. అతనికి వేరే ఆస్తి లేదు, ఉద్యోగం లేదు. పాలూ పెరుగూ దూడలూ అన్నీ ఆ ఏడింటి చలవే.

జులై ఆఖరుకి బీళ్ళు మాడిపోయాయి. హస్బగాన్ తన నాలుగెకరాల్లో రెండెకరాలు పచ్చిగానే కోసి, ఎండబెట్టి తన పశువుల్ని నెట్టుకొచ్చాడు. మిగతా రెండెకరాలు సెప్టెంబరుదాకా నిలబడి పండాయి. కాడలు లారీ ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్ళాయి, ఆకులు పాతరలోకి దిగాయి. అంతా అతను డప్పు కొట్టినట్టే జరిగింది. అదే కొంప ముంచింది. డప్పు ఆపడానికి కారణం దొరకలేదు.

ముందు కోసిన రెండెకరాల్లో మోళ్ళు మళ్ళీ చిగిర్చి మోకాలెత్తు లేచాయి. దాని గురించి ఓయున్ ఆగస్టులోనే చెప్పింది.

"బాబాయ్, ఇటు చూడు, నాకేసి చూసి విను. ఈ లేత చిగురు మంచుకు కమిలిందంటే నాము ఎక్కుతుంది. నాము అంటే తెలుసుగా, విషం. ఆవు నాలుగు నోళ్ళు మేసిందంటే ఊపిరాడక పడిపోతుంది. మంచు పడకముందే కోసి పాతరలో వెయ్యి. అందులో నెలరోజులు మాగితే విషం పోతుంది. ఊళ్ళో అందరికీ చెప్పు."

"చెప్తానమ్మా. చెప్పడం నాకేం కొత్తా?" అన్నాడు హస్బగాన్.

చెప్పలేదు. మిఠాయి కొట్టులో విషం కూడా అమ్ముతామని బోర్డు పెట్టుకునేదెవరు? విషయం దాచాడు, దాంతో విషమూ దాగింది. సరే, కోసేస్తే పోయేదిగా? కొయ్యనూ లేదు. ఎందుకంటే ఆ ఏడు మంచు వారం ఆలస్యంగా వచ్చింది. అక్టోబరు వచ్చేసరికి మొక్కజొన్న మోళ్ళు పసుపు, ఇసుక దిబ్బలు పసుపు, రోడ్డు పక్క పోప్లార్ చెట్లు పసుపు. అంత పసుపులో హస్బగాన్ రెండెకరాలే పచ్చ. దారిన పోయేవాళ్ళు మోటారుసైకిళ్ళు ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు. తీసుకునేవాళ్ళకి అతను అడగకుండానే పక్కన నిలబడుతున్నాడు. ఇవాళ కోద్దాం, రేపు కోద్దాం అనుకుంటూ ఆ పచ్చదనాన్ని చూసి మురిసి, మురిసి, పొలాలు తెరిచే రోజుదాకా లాక్కొచ్చాడు.

ఆ పొద్దున అతను తలుపు తీసి కాలు బయట పెట్టగానే నేల కరకరలాడింది. చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్ళు గడ్డ కట్టాయి. గుమ్మం పక్క గడ్డి గడ్డ కట్టింది. కాసేపు నిలబడితే గడ్డం కూడా కట్టేలా ఉంది. "మంచు మంచిదేలే, ఈగలు చస్తాయి" అనుకున్నాడు. తర్వాత ఈగలు కానివి గుర్తొచ్చాయి.

"నరన్‌గువా!" అని భార్యను కేక వేశాడు. "ఇవాళేనా పొలాలు తెరిచేది?"

"నిన్నట్నుంచీ చెప్తూనే ఉన్నారుగా మైకులో. నీ గొంతు తప్ప ఇంకోళ్ళది వినబడితేగా నీకు!" ఆమె ఉప్పు పాలటీ గిన్నెలో పోసి, వేపిన వరిగలు గుప్పెడు వేసింది. "ఏంటా మొహం? ఏమైంది?"

గిన్నె చేతిలోనే పట్టుకుని హస్బగాన్ చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఒక సంగతి మూడు ముక్కల్లో చెప్పాడు. మోళ్ళ చిగురు కమిలింది. విషం ఎక్కింది. ఎవరికీ తెలీదు.

నరన్‌గువా పొయ్యి ముందు నుంచి లేచి నిలబడింది. "వెళ్ళు. ముందు ఊరి పెద్ద దగ్గరికెళ్ళి మైకులో చెప్పు."

"మైకులోనా? ఊరంతా వింటారే!"

"వినడానికేనయ్యా మైకు!"

"నేనే వెళ్ళి చేను దగ్గర నిలబడతా. వచ్చినవాటిని వచ్చినట్టే పక్కకి తోలేస్తా. ఎవరికీ తెలీకుండా సాయంత్రానికి కోసేస్తా."

నాము కంటే నామోషీకే ఎక్కువ భయపడ్డాడు పాపం. టీ అక్కడే పెట్టేసి మోటారుసైకిలెక్కాడు. అది చలికి దగ్గింది, తుమ్మింది, కదలనంది. ఆరుసార్లు తన్నాక కదిలింది.

చేను కనబడేసరికి అతని గుండె జారి బూట్లలో పడింది. లౌడ్‌స్పీకర్ ఇంకా నోరే తెరవలేదు. అయినా పచ్చటి చేలో ఏడు వీపులు కదులుతున్నాయి. ఎవరివని అడగక్కర్లేదు. ముందు నిలబడి మేస్తున్న ఎర్రావు నుదుటి మీద తెల్లమచ్చ ఊళ్ళో ఇంకే ఆవుకీ లేదు. ఉల్జికి అది పేరుకి ఆవే గాని ప్రాణం. ఇప్పుడు చూలుతో ఉంది.

హస్బగాన్ మోటారుసైకిల్ని గట్టు మీదే పడేసి పరుగెత్తాడు. "హేయ్! హోయ్! ఫో!" అంటూ టోపీ తీసి ఊపాడు.

గట్టు అవతల చలికి ముడుచుకుని సిగరెట్ కాలుస్తున్న ఉల్జి లేచాడు. "బావా! ఏంటది? నా ఆవుల్నా కొడుతున్నావ్?"

"తోలు! బయటికి తోలు ముందు!"

ఉల్జికి మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "అంటే పొద్దున్నే వచ్చాననా? మైకు చెప్పకముందే వచ్చాననా? పది నిమిషాలకి ఇంత ఇదా? వేసవంతా మిఠాయి కొట్టు, మిఠాయి కొట్టని ఊదరగొట్టావ్! తీరా తినడానికొస్తే తలుపేస్తావా? సొంత బామ్మర్దినని కూడా లేదా నీకు? మోళ్ళు మేస్తేనే నీ మూతి ఇంత ముడుచుకుపోయిందంటే..."

"ఉల్జీ, విషంరా అది!"

"ఏది?"

"ఆ పచ్చది. మంచు పడింది కదా, విషం ఎక్కింది. ఓయున్ ముందే చెప్పింది నాకు. నేనే ఎవరికీ చెప్పలేదు."

ఉల్జి నోట్లో సిగరెట్ అలాగే ఉండిపోయింది. బావ ఎన్ని కోతలు కోసినా ఎప్పుడూ తన పంటను తానే తిట్టుకోలేదు. అందుకే ఈ మాట నిజమని వెంటనే నమ్మాడు. నమ్మగానే ఆవుల వైపు తిరిగి పరుగెత్తబోయాడు.

హస్బగాన్ అప్పటికే ఫోను చెవికి ఆనించాడు. అవతల ఓయున్ గొంతు. "ఎన్ని? ఎంతసేపైంది?... పరుగెత్తించొద్దు! వినబడుతోందా బాబాయ్? బెదరగొట్టొద్దు, పరుగెత్తించొద్దు. ఊపిరి ఎక్కువ పీలిస్తే అక్కడే పడిపోతాయి. మెల్లగా నడిపించి బయటికి తీసుకురండి. నేను బయల్దేరుతున్నా. టైము ఎంతో చూసి గుర్తుపెట్టుకో."

ఏడుంపావు. ఇద్దరు మగాళ్ళు, ఇందాకటిదాకా ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్ళు, ఏడు ఆవుల పక్కన పెళ్ళికూతుర్ని నడిపిస్తున్నట్టు అడుగులో అడుగు వేస్తూ చేలోంచి బయటికొచ్చారు. "రా తల్లీ, రా బంగారం" అంటున్నాడు ఉల్జి.

అప్పుడు ఊరి వైపు నుంచి లౌడ్‌స్పీకర్ గురగురలాడింది. ఊరి పెద్ద గొంతు కాదు. నరన్‌గువాది.

"అందరూ వినండి. పొలాలు తెరుస్తున్నారు గాని మా చేలోకి ఎవరూ పశువుల్ని తోలొద్దు. మంచుకి మా జొన్న చిగురు విషమైంది. మా ఆయన ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. వేసవంతా చెప్పినవి మాత్రం మీకు గుర్తుంటే, అవి మర్చిపోండి. అంతే." టక్కున ఆగిపోయింది.

ఇంకో రోజైతే ఉల్జి ఆ మాటలు ఏడాదిపాటు వాడుకునేవాడు. ఆ క్షణంలో వాటిని వినను కూడా వినలేదు. గట్టు దిగగానే ఎర్రావు ఒణికింది. ముందుకాళ్ళు విడదీసి నిలబడి, మెడ చాచి, ఆయాసంగా గాలి పీల్చింది. నోట్లో పళ్ళ చిగుళ్ళు చెర్రీపండులా ఎర్రబడ్డాయి. మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోయింది.

ఉల్జి దాని మెడ దగ్గర కూర్చుండిపోయాడు. ఏడవలేదు. దాని తలని తన కోటు మీదికి లాక్కుని, చెవి వెనక గోకుతూ ఉండిపోయాడు.

హస్బగాన్ ఇటు తిరిగి, అటు తిరిగి, టోపీ నేల మీద కొట్టి, మళ్ళీ తీసుకుని పెట్టుకున్నాడు. చివరికి, "నా పదకొండు ఆవులూ నీవేరా. ఏడు పోతే ఏడు తోలుకుపో. కాదు, పదకొండూ తోలుకుపో" అన్నాడు.

"నోరు మూసుకో బావా."

మూసుకున్నాడు.

ఓయున్ వచ్చేసరికి ఏడు నలభై. జీపు ఆగీ ఆగకముందే దూకి, ఎర్రావు చిగుళ్ళు చూసి, సిరంజి నింపి, మెడ నరంలోకి మందు నెమ్మదిగా ఎక్కించింది. తర్వాత మిగతా ఆరింటినీ ఒక్కొక్కదాని పక్కన నిలబడి ఊపిరి లెక్కపెట్టింది. రెండు కొంచెం తూలుతున్నాయి. వాటికీ సూది వేసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు ఉల్జి.

"ఇప్పుడేం లేదు బాబాయ్, చూడ్డమే. ఈ విషం చంపితే తొందరగా చంపుతుంది. రెండు గంటలు నిలబడ్డాయంటే నిలబడ్డట్టే. తొమ్మిదింపావుదాకా చూద్దాం." హస్బగాన్ వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాడతను.

ఊళ్ళోంచి ఒక్కొక్కరే వచ్చారు. పశువుల్ని దొడ్లో కట్టేసి, ఉత్త చేతుల్తో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఒకరు ఆవుల మీద కప్పడానికి దుప్పట్లు తెచ్చారు. నరన్‌గువా ఫ్లాస్కులో టీ తెచ్చింది. భర్తకి పొయ్యలేదు. తమ్ముడు ఉల్జికి పోసింది, అతను తాగలేదు.

ఎనిమిదింపావుకి ఉల్జి భార్య మున్‌గెన్ రొప్పుతూ వచ్చింది. నేల మీద పడున్న ఎర్రావుని చూసి తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. ఓయున్ ఆమెను పట్టుకుని అడిగింది.

"పిన్నీ, ఇవాళ పొద్దున తోలేముందు వీటికి ఏమన్నా పెట్టారా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఖాళీ కడుపుతో వచ్చాయా?"

మున్‌గెన్ ఉల్జి వైపు భయంగా చూసింది. పొద్దున ఈ విషయం మీదే మొగుడూ పెళ్ళాలకి పెద్ద గొడవైంది మరి.

"పెట్టాను" అంది.

"పెట్టడమేంటి!" అన్నాడు ఉల్జి. "వామిలో సగం దులిపేసింది! 'ఇవాళ ఊరంతా ఉచితంగా మేపుకోవచ్చు కదే, ఇంట్లో గడ్డెందుకు తగలేస్తావ్' అంటే వింటేనా? చీకట్లోనే లేచి ఎండుగడ్డి పెట్టింది. పెట్టాక చవుడుప్పు నాకించింది. నీళ్ళు కూడా కాచి పోసింది."

"మరి ఎలా పంపను?" అంది మున్‌గెన్. "మొదటిరోజు వేరేవాళ్ళ చేలోకి పశువుని ఆకలితో పంపిస్తే చూసినవాళ్ళు ఏమంటారు? 'ఉల్జి పెళ్ళాం ఏడాదంతా కడుపులు మాడ్చి, ఇవాళ ఊరి మీదికి వదిలింది' అనరూ? మా అమ్మ అలా పంపలేదు, మా అత్తా పంపలేదు. కడుపు నింపి పంపిస్తేనే మర్యాద."

ఓయున్ పక్కనున్న ఆవు డొక్క మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. "పొట్టలో ఎంత గడ్డి పట్టింది?"

"పట్టినంత. పక్కకి తోసేసేదాకా పెట్టాను."

"అయితే విను పిన్నీ. ఈ విషం ఖాళీ పొట్టలో ఒకేసారి ఎక్కుతుంది. నిండు పొట్టలో ఎండుగడ్డి మధ్య చిక్కుకుని మెల్లగా ఎక్కుతుంది. నిండినవి గనక కొసలు కొరికి వదిలేశాయి. ఆకలితో వచ్చుంటే ఏడింటికీ ఏడు ఈపాటికి..."

ఆవులు ఆవురావురుమంటూ రాలేదు కాబట్టి ఆవులుగా మిగిలాయి.

"మరి ఎర్రది?" అన్నాడు ఉల్జి.

"ఎర్రది పొద్దున సరిగా తినలేదు" అంది మున్‌గెన్ చిన్న గొంతుతో. "చూలు కదా, ఎండుగడ్డి మూతి పెట్టి తోసేసింది. పచ్చది కనబడేసరికి ఆగలేక మేసుంటుంది."

తర్వాతి గంట అందరూ గట్టు మీదే కాపు కాశారు. ఎండ పెరిగింది. చేలో మంచు కరిగి చిగుళ్ళ మీద నీళ్ళు మెరిశాయి. ఎప్పటికన్నా పచ్చగా, కడిగిన ముఖంలా ఎంత అమాయకంగా ఉందో ఆ చేను. హస్బగాన్ దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆరు ఆవులూ ఒకదాని తర్వాత ఒకటి నెమరు మొదలుపెట్టాయి. ప్రతి దవడ కదిలినప్పుడల్లా గట్టు మీద ఎవరో ఒకరు ఊపిరి వదిలారు.

తొమ్మిదీ పదికి ఎర్రావు చెవి ఆడించింది. ఉల్జి చెయ్యి తీసేశాడు. అది పొట్ట మీదికి లేచింది, ఆలోచించింది, వెనక కాళ్ళు ఎత్తింది, తూలింది, ముందు కాళ్ళు కూడగట్టుకుని నిలబడింది. ఒళ్ళంతా ఒకసారి దులుపుకుంది. చుట్టూ ఉన్న జనాన్ని చూసి, వీళ్ళందరికీ ఇక్కడేం పని అన్నట్టు ముక్కు చీదింది. నాలుగడుగులు తిన్నగా వేసింది. తిన్నగా ఎక్కడికంటే, జొన్న చేను వైపే.

"ఒసేయ్ తిండిపోతా!" అని ఉల్జి దాని మెడ పట్టుకుని వేలాడాడు. వేలాడుతూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతోనే ఏడ్చేశాడు. గట్టంతా నవ్వింది. నరన్‌గువా భర్తకి టీ పోసి చేతికిచ్చింది. చల్లారిపోయింది గాని, అంత రుచైన టీ అతను ఎప్పుడూ తాగలేదు.

ఓయున్ ఎర్రావు పొట్ట మీద చెయ్యి ఆనించి చాలాసేపు కదలకుండా నిలబడింది. "లోపలిది తన్నుతోంది" అంది. "అమ్మ పోలికే. గట్టిగా తన్నుతోంది."

ఆ సాయంత్రంలోపు ఊరంతా కలిసి ఆ రెండెకరాలు కోసేసింది. ఎవరూ పిలవలేదు. కొడవళ్ళు తీసుకుని వచ్చేశారు. కోసినది కోసినట్టు కొత్త పాతరలో తొక్కి, మీద పట్టా కప్పి, మట్టి వేశారు. పచ్చదనం పోయి చేను కూడా అందరి చేలలాగే పసుపైంది. ఫోటోలు తీసుకునేవాడు లేడు.

చీకటి పడకముందే హస్బగాన్ ఊరి పెద్ద ఇంటికి వెళ్ళి మైకు అడిగాడు. ఊళ్ళో తలుపులు తెరుచుకున్నాయి. రాత్రి భోజనాల దాకా సాగుతుందని కొందరు పీటలు కూడా వేసుకున్నారు.

"నేను హస్బగాన్‌ని" అంది లౌడ్‌స్పీకర్. "నాకు తెలిసీ చెప్పలేదు. తప్పు నాది. మున్‌గెన్ కడుపు నింపి పంపింది కాబట్టి ఏడూ బతికాయి. మోళ్ళ చిగురు ఎవరు వేసినా మంచుకి ముందే కొయ్యండి." కాసేపు గరగర. "చేను కోసేశాం. రేపట్నుంచి నా చేలోకి కూడా తోలుకోండి." మళ్ళీ గరగర. అంతే.

జనం ఇంకొంచెంసేపు ఎదురుచూసి, నమ్మలేక, పీటలు లోపల పెట్టుకున్నారు.

ఆరు వారాల తర్వాత, ఇసుక దిబ్బలు తెల్లబడ్డాక, హస్బగాన్ కొత్త పాతర తెరిచాడు. మంచు దెబ్బ తిన్న చిగురు మాగి బంగారు గోధుమరంగుకి తిరిగింది. పుల్లగా, తియ్యగా వాసన. ఓయున్ వచ్చి చూసి, పరీక్ష చేసి, పెట్టొచ్చంది. అతను మొదటి బండి నింపి, తన దొడ్డి దాటించి, నేరుగా ఉల్జి ఇంటికి తోలాడు. మున్‌గెన్ ఆ పొద్దున దులిపేసిన సగం వామికి బదులు.

ఉల్జి బండిని చూశాడు, బావని చూశాడు, మళ్ళీ బండిని చూశాడు.

"పొద్దున్నే ఏంటిది?"

"మేత."

"అంతేనా? దీని గురించి ఏం చెప్పవా? కారు రసం లేదా, మిఠాయి కొట్టు లేదా?"

"లేదు."

"ముందు నువ్వు తిని చూపించు" అన్నాడు ఉల్జి.

హస్బగాన్ మాట్లాడకుండా గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆ పులుపుకి ఒక కన్ను మూసుకుంది, నార పళ్ళలో ఇరుక్కుంది, అయినా నమిలాడు. మున్‌గెన్ గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఉల్జి చూసి చూసి తనూ ఓ చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

"తియ్యగా ఉంది" అని ఒప్పుకున్నాడు. "కాస్త పులుపు. నీలాగే."

అతను రెండో చిటికెడు తీసేలోగా ఇద్దరి భుజాల మధ్యనుంచి నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఎర్రటి తల దూరి, బండిలోకి మూతి పెట్టింది. ఈసారి దాన్ని ఎవరూ ఆపలేదు.